కలివికోడి నేర్పిన పాఠము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు గావింపబడిన ఉపన్యాసము)



ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము గ్రామమునకు చదువు పెట్టుచున్నది. ఇచ్చటి బీరువాలలో భారత భాగవతములు కలవు, వేమన పద్యములు కలవు, నవలలు కలవు. అవి యన్నియు ఎవరో వ్రాసి పెట్టిపోయిన పుస్తకములు. ఇంకను వ్రాయుట ముగియని పుస్తకమొకటి ఊరి పొలిమేర దాటినంతనే ఆరంభమగుచున్నది. బీడు, గుట్ట, వంక, కంపపొద దాని పుటలు. ఆ పుస్తకమును చదువుటకై దూరదేశముల నుండి పడుచువారు వచ్చి, కర్నూలు కడప జిల్లాల మెట్టభూములలో నెలల తరబడి నివసించుచుందురు. చేత నోటుపుస్తకము, భుజమున దుర్భిణి, రాత్రివేళ టార్చిలైటు. వారిని చూచి గొఱ్ఱెల కాపరులు నవ్వుకొనుటయు కలదు. "పట్నములో చదువు లేకనా, ఈ కంపలో ఏమి వెదకుచున్నారయ్యా?" అని అడుగుటయు కలదు. ఆ ప్రశ్న న్యాయమైనదే. నేటి ప్రసంగము ఆ ప్రశ్నకు సమాధానముగా ఉద్దేశింపబడినది.

జీవశాస్త్రము నభ్యసించుటకు రెండు స్థలములు కలవు. ఒకటి కళాశాలలోని ప్రయోగశాల. అచ్చట చచ్చిన కప్పయు, ఎండిన ఆకును బల్లమీదికి వచ్చును. రెండవది ప్రాణి నివసించు చోటనే ఏర్పరచుకొనిన చిన్న వసతి. దీనిని ఫీల్డు స్టేషను అందురు. తెలుగున క్షేత్రశాల యనవచ్చును. ఇచ్చట ప్రాణి శాస్త్రజ్ఞుని యొద్దకు రాదు. శాస్త్రజ్ఞుడే ప్రాణి యున్న తావునకు పోయి కాపురముండును.

ఈ పద్ధతి లోకమున కొత్తది కాదు. 1872లో ఆంటన్ డోర్న్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఇటలీ దేశమున నేపుల్సు సముద్రతీరమందు ఇట్టి శాల నొకదానిని స్థాపించెను. వివిధ దేశముల విశ్వవిద్యాలయములు, ప్రభుత్వములు అందొక్కొక్క బల్లను అద్దెకు తీసికొని తమ పరిశోధకులను పంపుచుండెడివి. పనామా కాలువకై చాగ్రెస్ నదికి ఆనకట్ట వేసినపుడు, నీట మునుగక మిగిలిన కొండకొన యొకటి ద్వీపమయ్యెను. దాని పేరు బారో కొలరాడో. 1923 నుండి అది పరిశోధనా స్థలముగా నున్నది. దేశదేశముల విద్యార్థులు అచ్చటికి పోయి అడవిని చదువుచున్నారు.

ప్రాణి యున్న చోటికే ఏల పోవలెను? దీనికి మన సీమలోనే మంచి దృష్టాంతము కలదు. నీలివన్నెతో మెరయు పెద్ద సాలీడు ఒకటి గుత్తి రైలుస్టేషను ప్రాంతమున దొరకగా, పోకాక్ అను ఆంగ్లేయుడు 1899లో దానిని శాస్త్రలోకమునకు వెల్లడించెను. దానికి గుత్తి సాలీడని పేరు వచ్చెను. తరువాత నూరేండ్ల కాలము దాని జాడ యెవరికిని తెలియలేదు. 2001లో అది నంద్యాల గిద్దలూరుల నడుమనున్న అడవిలో, చెట్ల తొఱ్ఱలలో కనబడినది. అది గుత్తి సాలీడే కాదు. అడవి నుండి రైలులో వచ్చిన కట్టెలతోపాటు గుత్తి చేరినదని పండితుల యూహ. సంతలో దొరికిన వస్తువును చూచి అది పండిన చేను చెప్పలేము గదా! ఆ చేను తెలియవలెనన్న కాలినడకన పోయి చూడవలసినదే.

ఇక క్షేత్రశాలలో విద్యార్థి చేయు పని యెట్టిది? చూచువారికి అది సోమరితనమువలె తోచును. తెల్లవారుజామున మంచె యెక్కి కూర్చుండును. ఎన్ని పక్షులు వచ్చినవి, ఏ దిక్కునుండి వచ్చినవి, ఏమి మేసినవి, ఎంతసేపు నిలిచినవి, గాలి యెట్లున్నది, మబ్బు యెట్లున్నది, అన్నియు గడియారము చూచి వ్రాసికొనును. గడ్డినేలను చదరపు మడులుగా కొలిచి, ఒక్కొక్క మడిలో ఏ గడ్డి యెంత పెరిగినదో లెక్కించును. పశువులు మేసిన మడిని, మేయని మడిని పోల్చి చూచును. ఎండకాలమున చూచినదానిని వానకాలమున మరల చూచును. మొదటి యేట కనబడినది రెండవ యేట కనబడకున్న కారణము వెదకును. ఇట్లు రెండు మూడేండ్లు గడచిన పిమ్మట సిద్ధాంతవ్యాసము వ్రాసి విశ్వవిద్యాలయమునకు సమర్పించును. గ్రామ లెక్కలు వ్రాయువారికి ఈ పద్ధతి సులభముగా బోధపడును. పొలము చూడకుండ అడంగలు వ్రాసినవాని లెక్క యెంతటిదో, అడవి చూడకుండ వ్రాసిన శాస్త్రమును అంతటిదే.

ఇట్టి పని కర్నూలు జిల్లాలో రోళ్ళపాడునందు జరిగినది. నందికొట్కూరు ప్రాంతపు ఈ గ్రామము 2022 నుండి నంద్యాల జిల్లాలో చేరియున్నది. అచ్చటి గడ్డిబీళ్ళలో బట్టమేక పక్షి యుండెను. మగపక్షి సుమారు ఒక మీటరు ఎత్తుండును. పదునైదు కిలోల వరకు తూగును. ఎగురగల పక్షులలో అతి బరువైన వానిలో ఇది యొకటి. ఆడపక్షి సామాన్యముగా ఏటికి ఒక్క గ్రుడ్డునే, గూడు కట్టకుండ, నేలమీదనే పెట్టును. మిడుతలు, పురుగులు, బల్లులు, గింజలు, పండ్లు దాని యాహారము. 1883లో స్థాపింపబడిన బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీవారు 1980 దశకమున రోళ్ళపాడులో వసతి యేర్పరచుకొని ఈ పక్షిని పరిశీలించిరి. ఆ సంఘము బొంబాయి విశ్వవిద్యాలయముచే పరిశోధన కేంద్రముగా గుర్తింపబడినది. అందు పనిచేసి విద్యార్థులు పట్టములు పొందుచున్నారు. అసద్ రహమానీ, రంజిత్ మనకడన్ మున్నగువారు రోళ్ళపాడు బీళ్ళను గూర్చి వ్రాసిరి. 1988లో సుమారు 614 హెక్టారులు, అనగా రమారమి 1,500 ఎకరముల భూమి అభయారణ్యముగా ప్రకటింపబడినది.

ఇంతవరకు కథ శుభముగానే యున్నది. తరువాతి భాగమును దాచిపెట్టుట ధర్మము కాదు. రక్షణ కలిగిన పిమ్మట ఆ బీళ్ళలో కృష్ణజింకలు పెరిగి వందలకు చేరినవి. రాత్రులందు అవి చుట్టుపట్ల చేలలో పడి పంటలను మేసినవి. రైతు నష్టపోయెను. పక్షి నిమిత్తము వచ్చిన రక్షణ తమకు శిక్షయైనదని గ్రామస్థులు తలచినచో వారిని తప్పుపట్టువారెవరు? పరిశోధకులు పక్షి లెక్కతోనే ఆగక, ఈ పంట నష్టమును గూడ పరిశీలించి ప్రకటించిరి. ఇంతలో పరిసరములందు సాగునీరు వచ్చెను, పంటల తీరు మారెను, బీళ్ళు తగ్గెను. బట్టమేకలు క్రమముగా సన్నగిల్లి, 2010 తరువాతి సంవత్సరములలో రోళ్ళపాడున కనబడుటయే అపురూపమయ్యెను. దేశము మొత్తముమీద నూటయేబదికి మించి లేవని అంచనా. లెక్క సరిగా వ్రాసినంతమాత్రమున ఆస్తి నిలువదు. లెక్కను చూచి నడచుకొనువారు గూడ ఉండవలెను. రోళ్ళపాడు నేర్పినది ఇది.

రెండవ కథ కడప జిల్లాలో జరిగినది. మద్రాసు సైన్యమున వైద్యుడుగా నుండిన థామస్ జెర్డాన్ పందొమ్మిదవ శతాబ్దమున తెలుగుదేశపు పక్షులను శ్రద్ధతో పరిశీలించిన వాడు. అతడు కనుగొనిన చిన్న పక్షి యొకటి 1848లో శాస్త్రగ్రంథములకెక్కినది. సన్నని పొడవైన కాళ్ళు, పెద్ద కన్నులు, రొమ్మున రెండు పట్టెలు దాని గుర్తులు. పగలెల్ల పొదలచాటున నణగియుండి రాత్రులందు తిరుగును. 1900లో అనంతపురము ప్రాంతమున హోవర్డ్ క్యాంబెల్ అనునతడు దానిని చూచెను. ఆ తరువాత అది యెవరి కంటికిని పడినట్లు వ్రాతలేదు. ఎనుబది యైదేండ్లు గడచినవి. లోకము నుండి అంతరించినదని అనేకులు తీర్మానించిరి.

1980 దశకమున బొంబాయి సంఘమునకు చెందిన భరత్ భూషణ్ ఆ పక్షిని వెదకుచు ఈ ప్రాంతమునకు వచ్చెను. ఊరూర పక్షి బొమ్మను చూపి విచారణ జరిగెను. కడప జిల్లా రెడ్డిపల్లె ప్రాంతమున ఐతన్న అను వేటగాడు అట్టి పక్షిని తానెరుగుదుననెను. 1986 జనవరి మాసమున నొక రాత్రి, దీపపు వెలుగునకు కన్నులు చెదరి నిలిచిపోయిన పక్షిని అతడు ప్రాణముతో పట్టెను. పట్టబడిన పక్షి కొద్ది దినములకే మరణించుట విచారకరమే గాని, జాతి బ్రదికియున్నదని లోకమునకు తెలిసినది. శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యము 1988లో ఏర్పడినది. దాని విస్తీర్ణము సుమారు 464 చదరపు కిలోమీటరులు.

ఇచ్చట నొక విషయము గమనింపదగినది. శాస్త్రజ్ఞులు మరచిన పక్షిని పల్లె మరువలేదు. దానికి కలివికోడి యని పేరుండెను. కలివిపొదలలో తిరుగునది గావున కలివికోడి. పక్షి ఎచ్చట నివసించునో ఆ పేరులోనే యున్నది. పుస్తకములలో ఎనుబది యైదేండ్లు దొరకని చిరునామా జనుల నోట నిలిచియుండెను. చదివినవాడు చదువనివానిని అడిగిన నాడు పక్షి దొరకినది.

పేరు మాత్రము తెలిసిన చాలదు గదా! ఎన్ని కలవు, ఎంత మేర తిరుగును, దానికెట్టి నేల కావలెనని తెలిసికొనవలెను. రాత్రి సంచరించుచు, మనిషి యలికిడికే దాగు పక్షిని లెక్కించుట యెట్లు? 2000 తరువాత పి. జగన్నాథన్ మొదలగు పరిశోధకులు, ఇంగ్లండు విశ్వవిద్యాలయములలోని విద్వాంసులతో గూడి, దీనికొక ఉపాయము పన్నిరి. పొదల నడుమ మెత్తని మన్నును జల్లెడపట్టి పరచినట్లు పట్టీలుగా పరచిరి. రాత్రి నడచిన ప్రాణి అడుగులు ఆ మన్నుమీద పడును. ఉదయమున పోయి ఆ ముద్రలను కొలిచి, తీతువు మున్నగు ఇతర పక్షుల ముద్రలతో పోల్చి చూచిరి. ప్రాణి యెదుటికి వచ్చినంతనే తనంతట తానే బొమ్మ తీయు కెమేరాలను పొదలలో నమర్చిరి. సంజె చీకటిలో పక్షి కూతను పట్టి, దానిని యంత్రమున మరల వినిపించి, బదులు పలుకు చోటులను గుర్తించిరి. మన్ను పట్టీకి పెద్ద వ్యయము లేదు. ఓపిక కావలెను, ప్రతిదినము పోవలెను, ముద్ర కనబడని దినమున కనబడలేదనియే వ్రాయవలెను.

అట్లు తేలిన ఫలితము వింతయైనది. రెండు మీటరులకు మించిన పెద్ద పొదలు హెక్టారునకు 300 మొదలు 700 వరకును, అనగా ఎకరమునకు రమారమి 120 మొదలు 280 వరకును ఉన్న నేలయే కలివికోడికి మిక్కిలి యనుకూలమైనది. అంతకన్న చిన్న పొదలు హెక్టారునకు వేయికి లోబడి యుండవలెను. పొదలన్నియు నరికి చదును చేసిన చోట పక్షి యుండదు. దట్టముగా మూసికొనిపోయిన చోటను ఉండదు. నడచుటకు సందు కావలెను. ఆ సందు ఎట్లేర్పడుచున్నది? మితముగా మేయు మేకలు, గొఱ్ఱెలు, మితముగా కంప కొట్టుకొను జనులు, వీరివలన గూడ ఏర్పడుచున్నది. మితిమీరిన మేతవలన నష్టము. మేత యెంతమాత్రము లేకున్నను నష్టము కలుగవచ్చును. కాపరి అడవికి శత్రువని గాని, అతనికి అడ్డేయుండరాదని గాని ఈ లెక్క చెప్పుటలేదు. ఎంతవరకు అని చెప్పుచున్నది. ఆ మాట చెప్పగలుగుటకే ఆ విద్యార్థులు అన్ని రాత్రులు కంపలో గడిపిరి.

ఇక అసలు పరీక్ష వచ్చినది. కృష్ణాజలములను శ్రీశైలము నుండి వెలుగోడు, బ్రహ్మంసాగరము, సోమశిల, కండలేరు మీదుగా మద్రాసునకు చేర్చుటకు, దారిలో రాయలసీమ నెల్లూరు మెట్టలను తడుపుటకు ఉద్దేశింపబడినది తెలుగుగంగ. ఆంధ్ర తమిళ ప్రభుత్వముల నడుమ 1983లో దీనికి ఒడంబడిక జరిగినది. కరవుతో కాలము గడపు సీమకు కాలువ యనగా ప్రాణము. 2005లో ఆ కాలువ త్రవ్వకము కలివికోడి తిరుగు పొదలలోనికి వచ్చినది. యంత్రములు నేలను పెల్లగించినవి. ఒకవైపు రైతు నీరు, వేరొకవైపు లోకమున మరెక్కడను ఉన్నట్లు తెలియని పక్షి!

ఇట్టి వివాదము వచ్చినపుడు సామాన్యముగా రెండు వాదములు వినబడును. పక్షి కొరకు కాలువ నాపుడని కొందరు. మనుష్యులకు నీరు లేదు, పిట్ట యేమైన నేమి యని కొందరు. రెడ్డిపల్లె చెంత మూడవ దారి దొరికెను. పక్షి అడుగు ముద్రలు ఏ తావున పడినవో, కూత ఏ తావున వినబడినదో, పరిశోధకుల నోటుపుస్తకములలో అప్పటికే వ్రాసియుండెను. హద్దు తెలిసియుండుటచే "ఈ నేలను విడిచి, ఆ ప్రక్కగా పొండు" అని చెప్పుట సాధ్యమయ్యెను. పని నిలిపి, మార్గము మార్చిరి. హద్దురాళ్ళు లేని పొలమున తగవు తలలు పగులువరకు పోవును. రాళ్ళు కనబడిన చోట పెద్దమనుష్యులు కూర్చుండి తేల్చగలరు. క్షేత్రశాల చేయు మేలు ఇట్టిది. పక్షి పక్షమున గాని కాలువ పక్షమున గాని అది తీర్పు చెప్పదు. ఏ భూమి ఎవరిదో కొలిచి చూపును.

అయినను ఒక లోపము మిగిలియున్నది. ఈ కొలతలు యంత్రము దిగక మునుపే అందరి యెదుట నుండియున్నచో నేల పాడగుటయు లేదు, పనికి ఆలస్యమును లేదు. ఆలస్యమునకు మూల్యము చెల్లించువాడు తుదకు నీటికై యెదురుచూచు రైతే. కావున పరిశోధన వెనుక రావలసినది కాదు. ముందు కొలత, పిమ్మట గడపార యను క్రమము గ్రామములకే మేలు. "వానలేని సీమకు పిట్ట లెక్క ఏల?" అని యడుగువారికి ఇదియే ప్రత్యుత్తరము. వానలేని సీమలోనే ప్రతి గుంట నేలకు పోటీ యెక్కువ. పోటీ యెక్కువైన చోటనే సరియైన లెక్క యవసరము.

కలివికోడి తుదకు ఏమైనదని శ్రోతలు అడుగవచ్చును. ఆ పరిశోధనల పిమ్మట చాలయేండ్లు అది యెవరికిని నిశ్చయముగా కనబడలేదు. 2025 ఆగస్టు మాసమున కడప జిల్లాలో దాని కూతను మరల విని యంత్రమున పట్టితిమని పక్షిప్రియులు ప్రకటించిరి. గమనింపుడు: వారు దానిని గుర్తుపట్టినది కూతవలన. ఆ కూత యెట్టిదో అంతకు ఇరువది యేండ్ల పూర్వమే వ్రాసి, పట్టి, భద్రపరచినవారుండుటచేతనే అది సాధ్యమైనది. ఒకతరము వ్రాసిపెట్టినది మరియొక తరమునకు చెవియై వినిపించినది.

ఇప్పుడు గ్రంథాలయము మాట. కడపలో ఉద్యోగము చేసిన సి.పి. బ్రౌను దొర చేసిన పని యేమి? తన బంగళాలో పండితులకు జీతములిచ్చి కూర్చుండబెట్టి, ఊరూర నుండి తాళపత్ర ప్రతులను తెప్పించి, ఒకదానితో నొకటి పోల్పించి, శుద్ధప్రతులు వ్రాయించెను. వేమన పద్యములను 1829లో అచ్చువేయించెను. 1852లో నిఘంటువును వెలువరించెను. అదియు నొక క్షేత్రశాలయే. అడవిలో చేయవలసినదానిని అతడు భాషలో చేసెను. అతని పేర నేడు కడపలో భాషాపరిశోధన కేంద్రము, గ్రంథాలయము కలవు. గ్రంథాలయమునకు పరిశోధనకు గల చుట్టరికము ఈ జిల్లాకు కొత్తగా చెప్పనక్కరలేదు.

ఈ రజతోత్సవ జ్ఞాపకముగా గ్రంథాలయమున నొక పెద్ద లెక్కపుస్తకము తెరచినచో బాగుండును. ఏ దినమున వాన కురిసినది, ఎంత కురిసినది. ఏ చెట్టు ఎప్పుడు పూచినది. ఏ పక్షి ఏ నెలలో వచ్చినది, ఏ నెలలో పోయినది. ఏ పొదకు, ఏ గడ్డికి కాపరులు ఏమి పేరు పెట్టిరి. వ్రాయువాడు బడిపిల్లవాడు కావచ్చును. చెప్పువారు గొఱ్ఱెల కాపరులు, మూలికలు తెచ్చువారు, పిట్టలు పట్టిన ముసలివారు కావలెను. చెప్పినవారి పేరు ప్రక్కగడిలో తప్పక వ్రాయవలెను. ఐతన్న పేరు నిలిచినట్లు వారి పేరును నిలుచును. ఎవరును చూడని దినమున ఆ గడిని ఖాళీగా విడువవలెనే గాని ఊహించి నింపరాదు. ఇట్లు పదియేండ్లు సాగినచో ఏ విశ్వవిద్యాలయమునుండి వచ్చిన విద్యార్థియైనను మొదట ఈ గ్రంథాలయము మెట్లెక్కును.

అట్టి విద్యార్థి ఈ గ్రామము బిడ్డయే యేల కారాదు? తిరుపతిలో 1954 నుండి, అనంతపురమున 1981 నుండి విశ్వవిద్యాలయములు కలవు. కడపలో యోగివేమన విశ్వవిద్యాలయము 2006లోను, కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయము 2008లోను ఏర్పడినవి. వన్యప్రాణి శాస్త్రమునకై డెహరాడూనులో 1982లో ప్రత్యేక సంస్థ వెలసినది. వృక్షశాస్త్రము, జంతుశాస్త్రము చదివిన పిల్లలకు, ఆడపిల్లలకు మగపిల్లలకు సమానముగా, ఈ ద్వారములు తెరచియున్నవి. పట్నపు విద్యార్థి ఏడాది శ్రమపడి నేర్చుకొను పొదల పేర్లు, అడుగుల గుర్తులు ఈ సీమ బిడ్డకు ఉగ్గుపాలతో వచ్చినవి. దానికి వ్రాత, కొలత, ఓపిక చేర్చినచో చాలును.

తాత యెరిగినది మనుమడు వ్రాసిపెట్టవలెను. వ్రాసినది గ్రంథాలయము దాచిపెట్టవలెను. దాచినది గ్రామము అవసరము వచ్చిన దినమున తీసి చూడవలెను. ఈ మూడు పనులకు ఈ సంస్థ మరి ఇరువదియైదేండ్లు, ఆపైన నూరేండ్లు నిలయమై వర్ధిల్లుగాక!